కొరియన్ డ్రామాలు కొత్తగా చూసేవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

కుంకుడుచెట్టు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. నాకు నలభై ఆరేళ్లు. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. ఇంటికొచ్చినప్పుడల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కొరియన్ డ్రామాలు చూస్తుంది. కాసేపు నవ్వుతుంది, కాసేపు కళ్లు తుడుచుకుంటుంది. "ఏంటే కథ?" అని అడిగితే "నీకు అర్థం కాదులే అమ్మా" అంది. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. దసరా సెలవులకి వస్తుంది. ఇంకా మూడు వారాలుంది. ఈలోగా నేనూ ఒకటి చూసి, ఈసారి తన పక్కన కూర్చోవాలని ఉంది.

మొన్న ఒకటి మొదలుపెట్టాను. బాగా డబ్బున్న నలుగురు కుర్రాళ్లు, బట్టలు ఉతికే షాపు వాళ్ల అమ్మాయి. వాళ్లు ఆ పిల్లని ఏడిపించడం, మళ్లీ అందులోనే ప్రేమ. మూడు ఎపిసోడ్లకి ఆపేశాను. పైగా పేర్లు గుర్తుండటం లేదు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదివేలోపే వెళ్లిపోతున్నాయి. దేనితో మొదలుపెడితే బాగుంటుందో చెప్పండి.

అర్ధరాత్రి_కాఫీ · ఆదివారం, రాత్రి 9:40

అక్కా, మీరు చూసింది బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్ అయి ఉంటుంది. 2009లో వచ్చింది, 25 ఎపిసోడ్లు. మాలో చాలామందికి అదే మొదటిది, అందుకే అందరూ అదే చెప్తారు. ఇప్పుడు చూస్తే మీకు అనిపించిందే నాకూ అనిపిస్తుంది. దాన్ని చూసి మొత్తం కొరియన్ డ్రామాలంటే ఇంతేనని అనుకోకండి.

నా ఓటు క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూకి. 2019 డిసెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా టీవీఎన్ చానెల్లో వచ్చింది, 16 ఎపిసోడ్లు. దక్షిణ కొరియాలో కోటీశ్వరుల ఇంటి అమ్మాయి పారాగ్లైడింగ్ చేస్తుంటే సుడిగాలి వచ్చి సరిహద్దు దాటించి ఉత్తర కొరియాలో పడేస్తుంది. అక్కడ ఒక సైనికాధికారి ఆమెని దాచిపెడతాడు. కథ వింటే నమ్మబుద్ధి కాదు, కానీ చూస్తుంటే నమ్మేస్తాం. ఆ పల్లెటూరి ఆడవాళ్లు కూర్చుని చెప్పుకునే కబుర్లు, కరెంటు పోతే వీధంతా ఒకేసారి చీకటైపోవడం, అందరూ కలిసి కిమ్చీ పెట్టుకోవడం. మన ఊళ్లో ఆవకాయ రోజులు గుర్తొస్తాయి. రచయితల బృందంలో ఉత్తర కొరియా నుంచి వచ్చేసిన ఒకాయన కూడా ఉన్నారు, అందుకే ఆ ఊరు సెట్టింగులా అనిపించదు.

ఒక్క సీన్ చెప్తాను, కథ పాడవదు. హీరోయిన్ సంతలో తప్పిపోతుంది. చీకటి పడింది, జనం. అతను వెలిగించిన కొవ్వొత్తి ఒకటి చేత్తో తలపైకి ఎత్తి పట్టుకుని నిలబడతాడు, ఆమెకి కనపడాలని. అంతకు ముందు ఆమె సువాసన వచ్చే కొవ్వొత్తి తెమ్మని అడిగితే తెలియక మామూలుది తెచ్చాడు. ఈసారి సువాసన వచ్చేదే తెచ్చాడు. మాటలు రెండే రెండు. నేను ఆ ఎపిసోడ్ మూడుసార్లు చూశాను.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ డ్రామాలో ప్రతి ఎపిసోడ్ అయిపోయి పేర్లు పడ్డాక చివర్లో చిన్న ముక్క ఒకటి వస్తుంది. ముందు మనకి చూపించని సంగతి అందులో ఉంటుంది. ఓటీటీలో "తర్వాతి ఎపిసోడ్" బటన్ వస్తే నొక్కేయకండి.

నల్లరేగడి · ఆదివారం, రాత్రి 10:05

ఎవరిని అడిగినా ముందు ప్రేమకథే చెప్తారు. నాకు ప్రేమకథలు పడవు. సిగ్నల్ చూశాక కొరియన్ డ్రామాల మీద నా అభిప్రాయం మారిపోయింది. 2016, 16 ఎపిసోడ్లు, రాసింది కిమ్ ఉన్‌హీ. ఇప్పటి కాలంలో ఒక పోలీసుకి పాత వాకీటాకీ దొరుకుతుంది. అందులో ఏళ్ల కిందటి ఇంకో పోలీసు మాట్లాడతాడు. ఇద్దరూ కలిసి తేలకుండా మిగిలిపోయిన కేసులు తవ్వుతారు. అక్కడ ఒకటి మారిస్తే ఇక్కడ ఇంకోటి మారిపోతుంది.

అందులో ఒక కేసుకి ఆధారం నిజంగా జరిగిన హ్వాసంగ్ హత్యలు. 1986 నుంచి 1991 దాకా వరసగా పది హత్యలు. డ్రామా వచ్చేనాటికి హంతకుడెవరో తెలియదు. 2019లో డీఎన్‌ఏ పరీక్షతో దొరికాడు, అప్పటికే ఇంకో హత్య కేసులో జైల్లో ఉన్నాడు. తేలని కేసు అంటే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ఆ డ్రామా చూపించినట్టు నేను ఇంకెక్కడా చూడలేదు. కొడుకు పోయిన తల్లి, కూతురు పోయిన తండ్రి, ఇరవై ఏళ్లయినా అదే గుమ్మంలో కూర్చుని ఉంటారు.

దాని తర్వాత సీక్రెట్ ఫారెస్ట్ చూడండి, 2017. మెదడుకి ఆపరేషన్ జరిగి భావోద్వేగాలు పోయిన ప్రాసిక్యూటర్, ఒక మహిళా పోలీసు అధికారి. వీళ్లిద్దరి మధ్య ప్రేమ పెట్టకుండా 16 ఎపిసోడ్లు నడిపారు. అందుకే గౌరవం.

పచ్చజొన్న · సోమవారం, ఉదయం 7:20

నల్లరేగడి గారు, రెండూ మంచివే. కానీ సబ్‌టైటిల్స్ అందట్లేదని ఆవిడ చెప్తుంటే సిగ్నల్ మొదట చెప్తే ఎలా? ఏ సంవత్సరంలో ఉన్నామో తెలుసుకోవడానికే నేను రెండుసార్లు వెనక్కి తిప్పాను.

కుంకుడుచెట్టు గారు, మీరు అమ్మ కాబట్టి మీకు రిప్లై 1988 చెప్తాను. ఇంకేం ఆలోచించకండి.

2015 నవంబర్ నుంచి 2016 జనవరి వరకు వచ్చింది, 20 ఎపిసోడ్లు. సియోల్‌లో సంగ్‌మున్‌దాంగ్ అనే పేట. ఒకే సందులో ఐదు కుటుంబాలు, ఒకే ఈడు పిల్లలు ఐదుగురు. ఒలింపిక్స్ జరిగిన సంవత్సరం. ఒక ఇంటికి లాటరీ తగిలి డబ్బొచ్చింది. అదే ఇంటి కింది భాగంలో, సగం నేలలోకి దిగి ఉండే గదుల్లో ఇంకో కుటుంబం అద్దెకుంటుంది. ఆ తండ్రికి బ్యాంకులో ఉద్యోగం. స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టి మునిగిపోయాడు. అలాంటి హామీ సంతకాల కథ మన చుట్టాల్లో ప్రతి ఇంటికీ ఒకటుంటుంది.

విలన్ లేడు. హత్య లేదు. మొదటి ఎపిసోడ్‌లో సాయంత్రం అన్నాల వేళ ఒక తల్లి గిన్నెలో కూర వేసి పక్కింటికి ఇచ్చిరమ్మని పిల్లని పంపుతుంది. వాళ్లు ఖాళీ గిన్నె పంపకూడదని ఇంకోటి వేసి పంపుతారు. ఇలా ఐదిళ్ల పిల్లలూ గిన్నెలు పట్టుకుని సందులో ఎదురుపడుతూనే ఉంటారు. చివరికి ఇలా అయితే అందరం ఒకచోటే కూర్చుని తినొచ్చు కదా అని ఒకబ్బాయి విసుక్కుంటాడు. మా అమ్మ అప్పడాల డబ్బా నా చేతికిచ్చి పక్కింటికి పంపిన రోజులు కళ్లముందుకొచ్చాయి నాకు.

ఒక హెచ్చరిక. ఎపిసోడ్ ఒక్కోటి గంటన్నర పైనే ఉంటుంది. మొదటి రెండు నెమ్మదిగా నడుస్తాయి. ఓపిక పట్టండి.

అర్ధరాత్రి_కాఫీ · సోమవారం, ఉదయం 8:02

1988 నాకూ ప్రాణం. కానీ మొదటిదిగా వద్దంటాను. గంటన్నర ఎపిసోడ్ చూసి "ఏమీ జరగలేదే" అని ఆపేసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

పచ్చజొన్న · సోమవారం, ఉదయం 8:15

వాళ్లకి ఇరవై ఏళ్లుంటాయి. మా ఈడు వాళ్లకి ఆ "ఏమీ జరగకపోవడమే" కావాలి.

సువన్_నుంచి · సోమవారం, మధ్యాహ్నం 1:30

నమస్తే. నేను కొరియాలోని సువన్‌లో ఉంటాను, ఉద్యోగం మీద వచ్చి ఆరేళ్లయింది. సొంతూరు అనకాపల్లి దగ్గర. డ్రామాలు ఇక్కడికొచ్చాకే అలవాటయ్యాయి, భాష నేర్చుకోవడానికి. పేర్ల గురించి అడిగారు కాబట్టి అది ముందు చెప్తాను.

వీళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు. కిమ్, లీ, పార్క్, చొయ్, ఇవన్నీ ఇంటిపేర్లు. ఆ తర్వాత వచ్చే రెండు అక్షరాలే పేరు. "సంగ్ దొక్‌సన్" అంటే సంగ్ వారి దొక్‌సన్. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, కాబట్టి అమ్మ ఇంటిపేరు ఒకటి, పిల్లలది ఇంకోటి ఉంటే కంగారు పడకండి. వీధిలో ఆడవాళ్లని పిల్లల పేరు పెట్టి "ఫలానా వాళ్లమ్మ" అని పిలుస్తారు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో ఒక్కోసారి అది తీసేసి ఆవిడ పేరు వేస్తారు. అక్కడే కొత్తవాళ్లకి లెక్క తప్పుతుంది.

ఇక వరసలు. ఇవి తెలిస్తే సగం డ్రామా అర్థమైపోతుంది. అన్నని అమ్మాయి పిలిస్తే ఓప్పా, అబ్బాయి పిలిస్తే హ్యంగ్. అక్కని అమ్మాయి పిలిస్తే ఒన్నీ, అబ్బాయి పిలిస్తే నూనా. పిలిచేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి మాట మారుతుంది. సొంత అన్నే కానక్కర్లేదు, మనం ముక్కూ మొహం తెలియని ఆవిడని కూడా "అక్కా" అన్నట్టే. ఆజుమ్మా అంటే పిన్నిగారు లాంటిది, ఆజాషి అంటే బాబాయిగారు లాంటిది. ఆఫీసులో, కాలేజీలో ముందు చేరినవాళ్లు సన్‌బే.

తిన్నావా అని అడగడం కూడా అంతే. పలకరింపే అది. "బప్ మగస్సొ?" అంటే అన్నం తిన్నావా అని. మా అమ్మ ఫోన్లో రోజూ ముందు అడిగేది, మా ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గర అడిగేది ఒకే మాట.

కుంకుడుచెట్టు · సోమవారం, రాత్రి 8:50

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. సువన్ బాబూ, ఓప్పా అనేది నేనూ విన్నాను. కానీ మా అమ్మాయి చూసేదాంట్లో హీరోని కూడా ఓప్పా అంటోంది కదా? అన్న అయితే మరి ప్రేమేంటి?

సువన్_నుంచి · సోమవారం, రాత్రి 9:25

అందరూ అడిగే ప్రశ్నే అమ్మా. వయసులో పెద్దవాడైన ప్రేమికుడినీ, భర్తనీ కూడా ఓప్పా అనే అంటారు. మొదట్లో "హీరోగారు" అన్నట్టు దూరంగా పిలిచిన అమ్మాయి, ఒకరోజు ఓప్పా అంటే అతని మొహం వెలిగిపోతుంది. దాన్ని తెలుగులోకి తేవడం చాలా కష్టం. అన్నయ్యా అంటే చెడిపోయింది. బావా అంటే కొంచెం దగ్గరగా వస్తుంది గానీ అది వేరే చుట్టరికం. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో అయితే ఉత్త పేరు వేసి ఊరుకుంటారు.

ఇంకోటి, మనకి నువ్వు, మీరు ఉన్నట్టే వీళ్లకి మాట చివర మారుతుంది. గౌరవంగా మాట్లాడితే వాక్యం చివర "యొ" అని వినిపిస్తుంది. చనువు వస్తే అది రాలిపోతుంది. డ్రామాల్లో ఇద్దరు మనుషులు పది ఎపిసోడ్లు "యొ" అంటూ మాట్లాడుకుని, ఒకరోజు ఒకరు అది వదిలేస్తారు. ఇంగ్లీష్‌లో రెండింటికీ ఒకే మాట. మనకి మాత్రం చెవికి తెలిసిపోతుంది, ఎందుకంటే మనమూ రోజంతా ఆ లెక్కలోనే బతుకుతాం. అందుకే నా సలహా, డబ్బింగ్ ఉన్నా సరే, వీలైతే కొరియన్‌లోనే వింటూ చూడండి.

మంచుబొమ్మ · మంగళవారం, తెల్లవారుజామున 4:10

(మాకు ఇక్కడ సాయంత్రం.) సువన్ గారి మాటకి చిన్న అడ్డు. మా అత్తగారికి ఇంగ్లీష్ రాదు. డబ్బింగ్ లేకపోతే ఆవిడకి ఈ డ్రామాలే లేవు. స్క్విడ్ గేమ్‌కి తెలుగు డబ్బింగ్ ఉంది, ఇంకా కొన్నిటికి వస్తున్నాయి. ఆడియో మెనూలో చూసుకోవాలి. తెలుగులో పెడితే ఆవిడ రెండు రోజుల్లో చూసేశారు. చివర్లో ఆలీ అనే కుర్రాడి కోసం ఎంత బాధపడ్డారో. ఆ పాత్ర చేసినతను ఢిల్లీ కుర్రాడు అనుపమ్ త్రిపాఠి అని చెప్తే నమ్మలేదు.

కానీ కుంకుడుచెట్టు గారు, స్క్విడ్ గేమ్‌తో మొదలుపెట్టకండి. రక్తం చాలా ఎక్కువ. పేరు ఎక్కువ వినపడుతుంది కాబట్టి చెప్తున్నా.

పాతరేడియో · మంగళవారం, ఉదయం 6:30

నేను రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మీ అందరికన్నా ముందు నుంచీ చూస్తున్నాను. దూరదర్శన్‌లో హిందీ డబ్బింగ్‌తో జ్యువెల్ ఇన్ ద ప్యాలెస్ వచ్చినప్పుడు మొదలుపెట్టాను. కొరియా పేరు దే జాంగ్‌గుమ్. అక్కడ 2003, 2004లో ఎంబీసీ చానెల్లో వచ్చింది, 54 ఎపిసోడ్లు. చివరికొచ్చేసరికి ఆ దేశంలో సగంమంది టీవీలు దాని మీదే ఉండేవి.

చోసన్ రాజ్యకాలం కథ. రాజుగారి వంటశాలలో చేరిన ఒక అనాథ పిల్ల ఎన్నో కష్టాలు పడి చివరికి రాజుకే వైద్యురాలవుతుంది. ఆ పేరుతో ఒక వైద్యురాలు ఉన్నట్టు ఆ రాజ్యపు చరిత్ర గ్రంథాల్లో నిజంగానే రాసి ఉంది. వివరాలు కొద్దిగానే ఉన్నాయి, మిగిలినది కల్పన.

అందులో ఒక ఘట్టం ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. వంటశాల పెద్దావిడ ఒక వంటకం రుచి చూపించి ఇందులో తీపి దేనివల్ల వచ్చిందో చెప్పమంటుంది. పెద్దవాళ్లంతా తేనె అనీ చక్కెర అనీ అంటారు. ఈ పసిపిల్ల పండిన పెర్సిమన్ అంటుంది. ఎలా చెప్పగలిగావని గుచ్చి అడిగితే, "నోట్లో పెట్టుకుంటే ఆ పండు రుచే వచ్చింది, అందుకే ఆ పండన్నాను, ఎందుకలా అనుకున్నావంటే ఏం చెప్పను" అన్నట్టు అమాయకంగా అంటుంది. నేను ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పాను. సరైన జవాబు చెప్పిన పిల్లాణ్ణి అనుమానించి మళ్లీ మళ్లీ ఎందుకని గుచ్చిన రోజులు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చారిత్రక కథల్ని వాళ్లు సగుక్ అంటారు. వంట మీద ఇష్టముంటే ఇదే చూడండి.

నల్లరేగడి · మంగళవారం, ఉదయం 9:00

మాస్టారూ, పెర్సిమన్ కథ చాలా బాగుంది. కానీ 54 ఎపిసోడ్లు దసరాలోపు అవుతాయా? సగుక్ కావాలంటే కింగ్‌డమ్ ఉంది. సీజన్‌కి ఆరే ఎపిసోడ్లు, చోసన్ కాలంలో జాంబీలు.

పాతరేడియో · మంగళవారం, ఉదయం 9:20

ఆవిడ కూతురితో కూర్చుని చూడాలనుకుంటున్నారు నాయనా.

అర్ధరాత్రి_కాఫీ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఎపిసోడ్ల మాట వచ్చింది కాబట్టి. మన డైలీ సీరియల్స్‌లా ఏళ్ల తరబడి సాగుతాయేమోనని చాలామంది భయపడతారు. అక్కడ కూడా రోజూ వచ్చేవి, వారాంతంలో యాభై ఎపిసోడ్లు నడిచేవి ఉన్నాయి. కానీ మనందరం మాట్లాడుకునేవి ఎక్కువగా 16 ఎపిసోడ్లే. వారానికి రెండు చొప్పున రెండు నెలల్లో అయిపోతాయి. సాధారణంగా మొత్తం కథ ఒక్క రచయితే రాస్తారు, వాళ్లలో ఆడవాళ్లు చాలామంది. క్రాష్ ల్యాండింగ్ రాసిన పార్క్ జీఉన్, మిస్టర్ సన్‌షైన్ రాసిన కిమ్ ఉన్‌సూక్ లాంటివాళ్ల పేరు చూసి జనం డ్రామా మొదలుపెడతారు. మనం హీరో పేరు చూసి టికెట్ కొన్నట్టు.

పదకొండు, పన్నెండు ఎపిసోడ్ల దగ్గర కొన్ని డ్రామాలు కాస్త నీరసపడతాయి. పద్నాలుగులో జంట విడిపోతుంది. అక్కడ ఆపేయకండి.

పచ్చజొన్న · మంగళవారం, రాత్రి 10:30

టాపిక్ కొంచెం పక్కకి వెళ్తోంది, అయినా రాయాలనిపించింది. స్కై కాసిల్ ఎవరూ చెప్పలేదు. 2018 నవంబర్‌లో మొదలైంది, జేటీబీసీ చానెల్, 20 ఎపిసోడ్లు. డాక్టర్లు, ప్రొఫెసర్లు ఉండే ఖరీదైన కాలనీలో తల్లులు పిల్లల్ని పేరున్న యూనివర్సిటీలో చేర్చడానికి ఏం చేస్తారన్నదే కథ. ఒక తండ్రి ఇంట్లో పెద్ద పిరమిడ్ బొమ్మ పెట్టుకుని, శిఖరం మీదే ఉండాలి, కింద ఉంటే నలిగిపోతారని కొడుకులకి పాఠం చెప్తాడు.

మా పెద్దవాడు ఇంటర్ హాస్టల్లో రెండేళ్లున్నాడు. కాలేజీ పేరు అనవసరం. ప్రతి ఆదివారం ర్యాంకుల లిస్టు ఫోన్‌కి వచ్చేది, వాడితో మాట్లాడటానికి పది నిమిషాలిచ్చేవారు. ఆ పది నిమిషాల్లో నేను అడిగింది ర్యాంకు గురించే. తిన్నావా అని అడిగానో లేదో గుర్తులేదు. ఆ పిరమిడ్ సీన్ దగ్గర ఆపి వంటింట్లోకి వెళ్లిపోయాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ పెట్టాను.

అద్భుతమైన డ్రామా. కానీ మొదటి ఎపిసోడ్ చివరే ఒక తల్లి ప్రాణం తీసుకుంటుంది. మనసు బాగున్నప్పుడే చూడండి.

సువన్_నుంచి · మంగళవారం, రాత్రి 11:15

అమ్మా, మీరు రాసింది చదివి ఇది చెప్పాలనిపించింది. ఇక్కడ నవంబర్‌లో సునంగ్ అని ఒకే రోజు ఆ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. ఇంగ్లీష్ వినే పరీక్ష జరిగే అరగంటకి పైగా దేశంలో విమానాలు పైకి లేవవు, కిందికి దిగవు. ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు. పోయిన ఏడాది మా పక్కింటి పిల్ల రాసింది. వాళ్లమ్మ ఆ పొద్దున సముద్రపు నాచు సూప్ మాత్రం పెట్టలేదు. అది జారుడుగా ఉంటుంది కాబట్టి పరీక్ష జారిపోతుందని నమ్మకం. ఆ సూప్ పుట్టినరోజుకి పెడతారు. పేరు మియక్‌గుక్. బాలింతలకి పెట్టే పత్యం అది, అందుకే ప్రతి పుట్టినరోజుకీ తాగుతారు, అమ్మ పడిన కష్టం గుర్తుగా. డ్రామాలో పుట్టినరోజునాడు ఎవరైనా ఒంటరిగా ఆ సూప్ గిన్నె ముందు కూర్చుంటే ఎందుకు ఏడుస్తున్నారో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

నిర్వాహకులు · బుధవారం, ఉదయం 10:00

రిప్లై 1988లో హీరోయిన్ దొక్‌సన్ భర్త ఎవరో చెప్పేసిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఆ సస్పెన్స్ చివరిదాకా ఉంటుంది. కొత్తగా చూసేవాళ్లున్నారు, దయచేసి ఇక్కడ రాయకండి.

కుంకుడుచెట్టు · శుక్రవారం, రాత్రి 11:50

పచ్చజొన్న గారి మాట విన్నాను. వేగం తగ్గించే సెట్టింగ్ ఉందని ఆఫీసులో కుర్రాడు చూపించాడు, అది పెట్టుకున్నాక సబ్‌టైటిల్స్ అందుతున్నాయి. మొదటి ఎపిసోడ్ రెండు రాత్రులు చూశాను.

ఒక్కటే చెప్పాలి. ఆ ఇంట్లో దొక్‌సన్ నడిమి పిల్ల. పైన చదువులో ఫస్టొచ్చే అక్క, కింద తమ్ముడు. వేపిన కోడిగుడ్డు అక్కకీ తమ్ముడికీ పడుతుంది, ఈ పిల్లకి ఉండదు. చికెన్ తెస్తే కాళ్లు వాళ్లిద్దరికి, రెక్క ఈ పిల్లకి. పుట్టినరోజు కూడా అక్క పుట్టినరోజుతో కలిపి చేసేస్తారు, కేకు మీద కొవ్వొత్తులు తీసి మళ్లీ గుచ్చి. ఆ రోజు ఆ పిల్ల పగిలిపోయినట్టు ఏడ్చింది. నాకూ గుడ్డు ఇష్టమే, నాకూ చికెన్ కాలు ఇష్టమే అని.

మేం ముగ్గురం. నేను రెండోదాన్ని. మా ఇంట్లో గుడ్డు ఉడికిస్తే తమ్ముడికి ఒకటి, అక్కకీ నాకూ దారంతో కోసి చెరి సగం. దారంతో కోస్తే పచ్చసొన విరగదు. అక్క సగంలో ఎప్పుడూ పచ్చసొన ఎక్కువ వచ్చేది. అది ఎవరికీ చెప్పుకునేంత విషయం కాదని ఇన్నేళ్లూ చెప్పలేదు. కొరియాలో ఎవరో కూర్చుని అదే రాశారు.

ఆ తర్వాత తండ్రి చిన్న కేకు పట్టుకుని సందు మొదట్లో ఆ పిల్లని కూర్చోబెట్టి మాట్లాడతాడు. నాన్న కూడా నాన్న అవడం ఇదే మొదటిసారి కదా అంటాడు. మా నాన్న పోయి పదకొండేళ్లయింది. సౌండ్ తగ్గించి కాసేపు అలాగే కూర్చున్నాను.

పచ్చజొన్న · శనివారం, ఉదయం 6:10

🙏 రెండోది కూడా చూసేయండి.

మంచుబొమ్మ · శనివారం, ఉదయం 6:45

దారంతో గుడ్డు కోయడం! మా అమ్మమ్మ కూడా అంతే.

అర్ధరాత్రి_కాఫీ · శనివారం, ఉదయం 11:30

సరే, నేను ఓడిపోయాను. 1988తోనే మొదలుపెట్టాలి.

ఇది నచ్చితే తర్వాత మై మిస్టర్ చూడండి అక్కా, కానీ కొంచెం గ్యాప్ ఇచ్చి. 2018, 16 ఎపిసోడ్లు. అప్పుల్లో ఉన్న ఒక అమ్మాయి, ఆఫీసులో టెంపరరీ ఉద్యోగం. రాత్రి ఆఫీసు నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి ప్యాకెట్లు రెండు ఒకే కప్పులో పోసుకుని వేడినీళ్లతో తాగుతుంది. అదే భోజనం. మాటలు రాని, వినపడని నానమ్మ చంద్రుణ్ణి చూడాలంటే సూపర్ మార్కెట్ బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ బయటికి తీసుకెళ్తుంది. నా హ్యాండిల్ పేరు ఆ కాఫీ నుంచే పెట్టుకున్నాను. అందులో ఆ అమ్మాయికి అండగా నిలిచే పెద్దమనిషి పాత్ర చేసిన లీ సన్‌గ్యున్ 2023 డిసెంబర్‌లో చనిపోయారు. ఆ తర్వాత మళ్లీ పెడితే మూడో ఎపిసోడ్ దాటలేకపోయాను.

సువన్_నుంచి · ఆదివారం, సాయంత్రం 5:00

తేలికగా నవ్వుకుంటూ చూడాలంటే ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ ఊ. 2022, 16 ఎపిసోడ్లు. ఆటిజం ఉన్న లాయర్ అమ్మాయి, తిమింగలాలంటే ప్రాణం. వాళ్ల నాన్న కిమ్‌బాప్ (నాచు షీట్లో చుట్టిన అన్నం) హోటల్ సీన్లు తీసింది మా సువన్‌లోనే, పాత కోట గోడ లోపల హేంగ్‌గుంగ్‌దాంగ్ వీధిలో. నేను కూరగాయలకి అటే వెళ్తాను.

ఆ అమ్మాయి పేరు ఊ యంగ్‌ఊ. ఎటు నుంచి చదివినా ఒకటే. ఎవరికి పరిచయం చేసుకున్నా తన పేరుతోపాటు అలాంటి మాటలు వరసగా చెప్తుంది. ఇంగ్లీష్‌లో కయాక్ అనీ ఇంకేవో వేస్తారు. కొరియన్‌లో అసలు చెప్పేది గిరగి, తొమాతొ, సువిసు లాంటివి, వాటిలో "ఇన్‌దోఇన్" కూడా ఉంది. అంటే భారతీయుడు. మొదటిసారి చెవిన పడగానే లేచి కూర్చున్నాను. మన తెలుగులో చేస్తే "వికటకవి" అనిపించాలి ఆ అమ్మాయి చేత.

పాతరేడియో · ఆదివారం, సాయంత్రం 6:20

వికటకవి! చాలా బాగుంది బాబూ. ఇది చూస్తాను.

కుంకుడుచెట్టు · బుధవారం, రాత్రి 10:15

పండక్కి మా అమ్మాయి మొన్న రాత్రి వచ్చింది. నేను తొమ్మిదో ఎపిసోడ్ దగ్గరున్నాను. తన ముందు ఏమీ చెప్పకుండా టీవీలో పెట్టాను. బ్యాగు కూడా దించకుండా గుమ్మంలో నిలబడిపోయింది. "అమ్మా, నువ్వు 1988 చూస్తున్నావా?" అంది. అది తను ఇంటర్‌లో ఉన్నప్పుడే చూసేసిందట. భర్త ఎవరో చెప్పమంటే చెప్పట్లేదు. నేను బాదుక్ అనే గళ్ల బల్ల ఆట ఆడే టేక్ అని అంటున్నాను, ఆ పిల్లాడికి షూ లేసు కట్టుకోవడం కూడా రాదు పాపం. తను మొహం దాచుకుని నవ్వుతోంది.

రాత్రి రెండు ఎపిసోడ్లు కలిసి చూశాం. మధ్యలో ఆపి గుడ్డు సంగతి చెప్పాను. అమ్మమ్మ అలా చేసేదా అని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్ చూద్దామంది, జేజు దీవిలో సముద్రంలో దూకి శంఖాలు, నత్తలు ఏరే ఒకావిడ, ఆవిడ కూతురి కథట. అది చూసేటప్పుడు పక్కన తువ్వాలు పెట్టుకోమంది.

ఒక సహాయం కావాలి. వచ్చే మంగళవారం తన పుట్టినరోజు. ఆ మియక్‌గుక్ చేద్దామనుకుంటున్నాను. ఎండు నాచు ఖమ్మంలో దొరకదు. హైదరాబాద్ నుంచి ఎవరితోనైనా తెప్పించుకోవాలి. ఏమని అడగాలి, ఎంత వేయాలి?

సువన్_నుంచి · బుధవారం, రాత్రి 10:40

ఎండు మియక్ అని అడగండి, జపాన్ పేరు వకామే అన్నా ఇస్తారు. కిమ్‌బాప్‌కి చుట్టే పలచటి షీట్లు ఇస్తే తీసుకోవద్దు, అది వేరు. నలుగురికి ఒక గుప్పెడు చాలు, నీళ్లలో నానితే పది రెట్లు పొంగుతుంది. మొదటిసారి నేను ప్యాకెట్ మొత్తం నానబెట్టి బకెట్ నింపాను. అరగంట నానాక పిండి, కొంచెం నువ్వుల నూనెలో వెల్లుల్లితో వేయించి నీళ్లు పోసి బాగా మరిగించండి. ఇక్కడ గొడ్డు మాంసం గానీ ఆల్చిప్పలు గానీ వేస్తారు. మీరు రొయ్యలు వేసుకోవచ్చు. ఉప్పు చివర్లో, సోయా సాస్ ఉంటే ఒక చెంచా.

కుంకుడుచెట్టు · బుధవారం, రాత్రి 10:52

రొయ్యలు తనకి ఇష్టమే. పక్క గదిలోనే ఉంది, ఇంతటితో ఆపుతాను. చూస్తే తెలిసిపోతుంది.